తాళం వేసిన ధర

మా స్టీలు సామాన్ల కొట్టుకు కంప్యూటర్ పనికి ఒకాయన వచ్చేవాడు. మౌస్ ముట్టుకోవడం ఆయనకు నామోషీ. నల్ల తెర మీద కమాండ్లు కొట్టి, మా ధరలకు రహస్య సంకేతాల తాళం వేసి కొనేవాళ్లకు పంపేవాడు.

"దారిలో ఎవుడూ సదవలేడన్నా!"

ఆ వెంటనే ఫోన్ స్పీకర్‌లో పెట్టి అవతలివాళ్లను అడిగేవాడు: "వచ్చిందా? ఏదీ, గట్టిగా సదువు!"

మేట్టుపాళయం ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు మేం పంపిన ధర కూడా అలాగే మోగింది. గోడకవతల కొట్టాయన అంతకన్నా తగ్గించి, మధ్యాహ్నానికల్లా ఆర్డర్ ఎగరేసుకుపోయాడు.

"ఏందప్పా ఇది?" అని నిలదీశాను.

"దారిలో ఎవుడన్నా సదివినాడా అన్నా?" అన్నాడు, గెలిచినవాడిలా.

బేరమాడి ఇంత చవగ్గా ఆయన్ని కుదుర్చుకున్న తెలివి నాదే. ఇప్పుడాయన పక్కకొట్టులో చేస్తున్నాడు. నా కుర్చీని గోడ దగ్గరికి జరుపుకున్నాను.