దేవమణి వదిలేసిన 2.303

జ్ఞానరత్నం పగలు రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా, సాయంత్రం ట్యూషన్ మాస్టారు. తాల్‌బగీచా పేటలో తెలుగువాళ్ల పిల్లలకు లెక్కలంటే ఆయనే. 1989లో ఆయన భార్య దేవమణి, చదివిన బీఎస్సీ వృథా పోకూడదని, వరండాలో నలుగురు ఆడపిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టింది. బెంచీ వేయించింది ఆయనే. దుర్గాపూజ సెలవులు దాటేసరికి వరండా నిండింది, ఆయన ట్యూషన్ చెప్పే ముందుగది పలచబడింది.

ఇక ఆయనకు అన్నం సయించలేదు. వరండాలో నవ్వు వినబడితే చేతిలో చాక్‌పీసు విరిగేది. "పాటం సెప్తున్నావా, కబుర్లు సెప్తున్నావా?" అని దెప్పేవాడు. ఆమె తన పాఠం సాగించేది. అదీ ఆయనకు గర్వంలాగే తోచేది.

ఒక సాయంత్రం ఆమె బోర్డు మీద లెక్క చేస్తోంది. ఎనిమిది రోజులకొకసారి సగమయ్యే రేడియోధార్మిక అయోడిన్ ఐదోవంతుకు ఎన్నాళ్లలో తగ్గుతుంది? సూత్రమేమో సహజ లాగ్‌లో ఉంటుంది, పిల్లల చేతిలో పట్టికేమో పది ఆధారంగా వేసినది. పట్టికలో విలువను సహజ లాగ్‌గా మార్చాలంటే 2.303తో గుణించాలి. ఆయన ఏళ్లతరబడి వల్లె వేయించిన అంకె అది. ఆమె బోర్డు మీద ఎక్కడా లేదు.

ఆయన విసురుగా వరండాలోకి వచ్చాడు. "ఏటే, 2.303 ఏదీ? పిల్లలకి తప్పులు నేర్పుతున్నావు!"

పిల్లలు తలలు దించుకున్నారు. దేవమణి మెల్లగా అంది: "లాగ్ ఐదుని లాగ్ రెండుతో భాగించినానండి. పైనా అదే అంకె, కిందా అదే అంకె. కేన్సిలైపోతాయి కదా, అందుకే రాయనేదు."

ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ అంకె పెట్టి చేశాడు, పెట్టకుండా చేశాడు. ఎలా చేసినా పద్దెనిమిదిన్నర రోజుల పైచిలుకే. తప్పు దొరకనందుకు ఆమె మీద ఇంకా మండింది.

ఆ నెలలోనే తన ట్యూషన్ ఇంకో పేటకు, ఝపటాపూర్‌కు మార్చేశాడు. అక్కడ ఎమిలీ అనే పిల్ల అలాంటి లెక్కే తెచ్చింది. ఆయన 2.303 లేకుండా చేసి చూపించాడు.

"ఎంత సులువో! మీరే కనిపెట్టినారా మాస్టారూ?"

"మరెవరు?" అన్నాడు.

ఆదివారం చర్చి బయట ఎమిలీ దేవమణి చెయ్యి పట్టుకుని ఆ సంగతంతా చెప్పింది. జ్ఞానరత్నం పక్కనే ఉన్నాడు. చెవులు వేడెక్కాయి.

"అవునమ్మా, ఆయనకి అలాటివి బాగా తోస్తాయి," అంది దేవమణి.

ఆమె ముఖంలో ఎగతాళి కోసం వెతికాడు. ఉంటే బాగుండునని వెతికాడు. లేదు. అంత తేలిగ్గా ఇచ్చేయడం ఆమెకు ఎలా చేతనవుతుందోనని, దానికీ ఆయన అసూయపడ్డాడు.