దేవకుమారి వేళ్ళు
దేవకుమారికి పుట్టుకతోనే చూపు లేదు. రోజూ ధవళేశ్వరంలో బస్సెక్కి రాజమండ్రి వస్తుంది. అక్కడ ఉదయభాస్కర్ చూపులేని పిల్లల కోసం తెలుగు పాఠాలను బ్రెయిలీలోకి మార్చే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాడు. మిషన్ పొడిచిన చుక్కలు తడిమి తప్పులు చెప్పడం ఆవిడ పని. షుగరుతో ఈ మధ్య వేళ్ళు మొద్దుబారిపోయాయి. పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. అతను టీకి వెళ్ళగానే కాగితం పైకెత్తి, కింది పెదవితో ఒక్కో చుక్కా వెతుక్కుంటుంది. ఓ రోజు అతను తొందరగా వచ్చేశాడు. "ఏంటండి, కాగితానికి ముద్దు పెడుతున్నారు?" "అలవాటండి. బైబిలు చదివాక ముద్దు పెట్టుకుంటాం కదండి, ఏ కాగితమైనా అలాగే వచ్చేస్తుంది." అతని మనసు కరిగిపోయింది.

మర్నాడు వరిసాగు పాఠం పక్కనపెట్టి, ఆవిడ కోసమని ఓ కీర్తన అచ్చేసి, ఎదురుగా కూర్చుని చదవమన్నాడు. సండే స్కూల్లో కంఠతా పట్టిన కీర్తన. కాగితం మీద వేళ్ళు నడిపిస్తూ, ఎక్కడా తడుముకోకుండా అప్పజెప్పేసింది. "తప్పులేమైనా ఉన్నాయాండి?" "ఒక్కటీ లేదండి." "హమ్మయ్య! అయితే పిల్లల పుస్తకాలు అచ్చుకిచ్చేస్తాను." దేవకుమారి కాగితాన్ని మరోసారి తడిమింది, ఒక్క చుక్కా తెలియలేదు. పిల్లల వేళ్ళు లేతవి. తప్పు చుక్కయినా చక్కగా తగులుతుంది. అదే అక్షరమనుకుని నేర్చేసుకుంటారు.