ఇద్దరు ఉసేనమ్మలు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా ఇలాంటివి చెబితే ముందు నవ్వేది నేనే. కానీ ఆదోనిలో ఒక పత్తి మిల్లులో జరిగింది మాత్రం నా కళ్లతో చూశాను. తలుచుకుంటే భయం కన్నా కోపమే ఎక్కువ వస్తుంది.

ఎనభైల చివర్లో సంగతి. కంప్యూటర్ కోర్సు చేసి, ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆ మిల్లుకు వెళ్లేదాన్ని. కూలీల వివరాలు డేటాబేస్‌లోకి ఎక్కించడం నా పని. డేటాబేస్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు, పట్టికలు. ఒక్కో వరుస ఒక్కో మనిషి. నిలువు గళ్లలో పేరు, భర్త పేరు, ఊరు, పని. ఒకరి వరుస ఇంకొకరిది అనుకోకుండా ప్రతి మనిషికీ వేరే నంబరు ఉండాలి. దాన్ని ప్రైమరీ కీ అంటారు. హాజరు పట్టికను ఈ పట్టికతో కలపాలన్నా ఆ నంబరే ఆధారం.

మేనేజరు నంబరు వద్దన్నాడు. "పేరుండాది, మొగుని పేరుండాది, ఊరుండాది. ఇంగ నంబరెందుకమ్మా? వీళ్లేమన్నా ఖైదీలా?" అని నవ్వాడు.

ఈ నేల మీద పుట్టినవాడు అనాల్సిన మాటేనా అది! పీర్లకు మొక్కుకున్నవాళ్లు, హిందువులైనా ముస్లింలైనా, పిల్లలకు ఉసేనప్ప, ఉసేనమ్మ అని పెట్టుకుంటారు. మా మిల్లులోనే ఇద్దరు ఉసేనమ్మలు. ఇద్దరిదీ ఒకే పల్లె, ఇద్దరి మొగుళ్లూ ఈరన్నలే, ఇద్దరూ పత్తి ఏరేవాళ్లే. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

పెద్ద ఉసేనమ్మ జ్వరంతో చనిపోయింది. నేను సెలవులో ఉన్న రోజున, నా దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలతో మేనేజరే డిలీట్ కొట్టాడు. ఈ పేరు, ఈ భర్త, ఈ ఊరు ఉన్న వరుసలు తీసెయ్యమని. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌కు షరతు తప్ప మనుషులు తెలియరు. రెండు వరుసలూ పోయాయి.

మర్నాడు చిన్న ఉసేనమ్మను గేటు దగ్గరే ఆపేశారు. కంప్యూటర్‌లో లేదు కాబట్టి మిల్లులో లేదట. మొగుడు మంచం పట్టాడు, ఆమె కూలి మీదే ఇల్లు నడిచేది.

"నేను సచ్చిపోయినానంటమ్మా. మరి ఈడ నిలబడిండేది ఎవురో నువ్వన్నా సెప్పు," అని నా చెయ్యి పట్టుకుంది. నా ఒళ్లు మండిపోయింది.

వరుస మళ్లీ ఎక్కిస్తానంటే మేనేజరు ఒప్పుకోలేదు. తన తప్పు బయటపడుతుంది కదా. ఈమె ఆ చనిపోయినామె కాదని రుజువు తెమ్మన్నాడు. బతికున్న మనిషి ఎదురుగా నిలబడితే చాలదట!

ఆ సాయంత్రం కంప్యూటర్ గదికి నేనే తాళం వేసి, తాళంచెవి ఇంటికి తీసుకెళ్లాను. రాత్రంతా ఆదోనిలో కరెంటు లేదట. పొద్దున నేను వెళ్లాకే వచ్చింది.

పట్టిక తెరిస్తే ఉసేనమ్మ వరుస ఒకటి ఉంది.

పట్టికలో ఒంటి మీది గుర్తుల కోసం కూడా ఒక గడి పెట్టాను. దాన్ని అందరికీ ఖాళీగానే వదిలేశాం. ఆ ఖాళీని నల్ అంటారు, అంటే మనకు తెలియదని. ఈ ఒక్క వరుసలో మాత్రం అది నిండి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: కుడి మోచేతి పైన కాలిన మచ్చ.

ఆ పొద్దున కూడా గేటు దగ్గరే నిలబడి ఉన్న చిన్న ఉసేనమ్మ దగ్గరికి పరుగెత్తి, ఆమె రవిక చెయ్యి పైకి జరిపి చూశాను. మచ్చ ఉంది.

"ఇది నీకెట్ల తెల్సమ్మా?" అని బిత్తరపోయింది. "పొయ్యి కాడ కాలితే పసరు పూసింది మా పెద్ద ఉసేనక్కనే. ఈ మిల్లులో ఆయమ్మకు తప్ప ఎవురికీ తెల్దు."

పెద్ద ఉసేనమ్మ వేలిముద్ర మనిషి. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు.

నేనే టైపు చేశానని మేనేజరు అరిచాడు. నేను చెయ్యలేదు. ఆ మచ్చ సంగతే నాకు తెలియదు. ఎవరు చేశారో ఇన్నేళ్లకూ తెలియదు.

"తీసెయ్ దాన్ని," అన్నాడు. ఉసేనమ్మను లోపలికి పిలిచి, రవిక చెయ్యి పైకి జరిపి ఆయన ఎదురుగా నిలబెట్టాను. కీబోర్డు ఆయన ముందుకు తోశాను.

"మీరే తీసేయండి సార్."

ఆయన తెర వైపు చూశాడు, ఆమె చేతి మీది మచ్చ వైపు చూశాడు. కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. ఉసేనమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని పత్తి ఏరడానికి వెళ్లిపోయింది.