సున్నం కొట్టిన మెట్లబావి

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు పాత రాళ్లంటే ప్రాణం, మనుషులంటే కొంచెం చిరాకు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పురాతన కట్టడాలను కాపాడే ఆఫీసులో చిన్న ఉద్యోగిని. (ఉద్యోగమే చిన్నది, నా ధోరణి మాత్రం డైరెక్టరుది.) కోడేరు దగ్గర ఒక ఊళ్లో రాతి మెట్లబావిని పూడ్చి దుకాణాలు కట్టాలని కొందరు చూస్తున్నారు. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా గుర్తిస్తే తప్ప బావి దక్కదు. మా పెద్దసారు వచ్చి చూసి సరేననాలి. బావి పక్కింటి పెద్దమ్మకు ఆ సంగతి చెప్పి, "జర శుభ్రంగ ఉంచుండ్రి" అని, కొత్తకోటలో పెద్దసారు జీపు ఎక్కడానికి వెళ్లాను.

మర్నాడు ఆయనతో తిరిగొచ్చి చూద్దును కదా, ఆయనకు చూపించాల్సిన పాత రాయే కనబడదు. ఎండకూ వానకూ వెలిసిపోయిన బావి పెళ్లివారి ఇల్లులా మెరిసిపోతోంది! ప్రతి మెట్టుకూ సున్నం, అంచులకు ఎర్రటి జాజు పట్టెలు, స్తంభాలకు బంతిపూల దండలు. ఊరంతా సున్నం చేతులతో నవ్వుతూ నిలబడి ఉంది.

"ఏంది పెద్దమ్మా గిది?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"నువ్వే గద బిడ్డా శుభ్రంగ ఉంచుమంటివి! ఎవరింట్ల పెండ్లైనా ముందుగాల ఈ గట్టుకే సున్నమేస్తం. కొత్త కోడలు తొలి బిందె గీడ్నే ముంచాలె. అసుంటిది పెద్దసారు వస్తుండంటే ఉత్తగనే ఇడుస్తమా? బావి పోతే మా గతేంది?" అంటూ కళ్లు తుడుచుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

పెద్దసారు వంగి, గట్టు మూల ఒక పెచ్చు ఊడదీశారు. కింద ఇంకో సున్నం పొర, దాని కింద మరొకటి. "ఎన్ని తరాల పెళ్లిళ్లోయ్ ఇవి! మనకంటే ముందునుంచీ దీన్ని వీళ్లే చూసుకుంటున్నారు" అని నవ్వారు. ఆ నవ్వుతోనే బావి దక్కింది.

తర్వాత సున్నం కడిగించి, నీలిరంగు బోర్డు పెట్టాం. 'రక్షిత కట్టడం. సున్నం, రంగులు వేయువారు శిక్షార్హులు.' (ఆ రెండో వాక్యం నా పట్టుదలే.)

మొన్న చాలా ఏళ్లకు వెళ్లాను. బావి చెక్కుచెదరలేదు, రాయి మీద చుక్క సున్నం లేదు. బోర్డు మాత్రం పైనుంచి కిందిదాకా తెల్లగా, జాజు అంచుతో, మెడలో బంతిపూల దండతో నిలబడి ఉంది.

"మనుమని పెండ్లి" అంది పెద్దమ్మ, నడుం వంగిపోయినా నన్ను గుర్తుపట్టి. "బావికి ఎయ్యొద్దని రాస్తిరి. మరి ఏడనో ఒకతాన ఎయ్యాలె గద బిడ్డా!"

ఆనాటి నేనైతే అక్కడే చట్టం చదివేవాణ్ని. ఈనాటి నేను బోర్డు చుట్టూ ఒకసారి తిరిగి, "ఎనుక జరంత మిగిలింది పెద్దమ్మా" అని చూపించాను.