గుంతలు తీసే సర్కారు సామాను

పాలవాళ్ళ బస్తీ గౌలిపురలో పుట్టి పాలు పిండడం రానివాడు ఒక్క బసవయ్యే. ఆగమ్మకు ఒక్కగానొక్క కొడుకు. ఇంట్లో నాలుగు బర్రెలుంటే ఒక్కదాని మొహమైనా సరిగ్గా చూసిన పాపాన పోలేదు. అతని ధ్యాసంతా బస్తీకి దక్షిణాన పారే సన్నటి వాగు మీద, అందులోని వేలెడంత పరక చేపల మీద. ఉర్దూలో మెట్రిక్ దాకా చదివాడు కాబట్టి ఆ పిచ్చికి సర్కారు కొలువు కూడా దొరికింది. వాగులో ఏ చేపలున్నాయి, ఎంత లోతున ఉంటున్నాయి, ఏం తింటున్నాయి అని వారం వారం చూసి శాలిబండలోని దఫ్తరుకు రాసివ్వాలి. చేపను పట్టాలి, కొలవాలి, మళ్ళీ నీళ్ళలో వదలాలి. పట్టిన చేపను వదిలేయడానికి ఒక మనిషిని కొలువులో పెట్టుకున్న సర్కారును గౌలిపుర అంతకుముందు ఎరగదు.

"ఏం బసవన్నా, ఇయ్యాల అందరు హాజరేనా?" అని దారిలో ఎకసెక్కాలాడేవారు.

"ఇద్దరు కనవడలేదే" అని అతను దిగులుగా, నిజంగానే జవాబు చెప్పేవాడు. అలాంటివాణ్ణి ఏడిపించడం కూడా కష్టమే.

1938 ఎండాకాలంలో అతను తన నివేదిక చివర ఒక్క వాక్యం రాశాడు: మధ్యాహ్నం బర్రెలు దిగడం వల్ల నీళ్ళు బురదవుతున్నవి, చేపలకు ఇబ్బంది కావచ్చు. రాసి మరిచిపోయాడు. దఫ్తరు మరిచిపోలేదు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యేసరికి దండోరా వేయించింది. చేపల రక్షణ కోసం ఇకమీదట సర్వే సామాను తప్ప మరేదీ వాగులో దింపరాదు. దిగిన బర్రె బందెలదొడ్డికి పోతుంది. ఇది బసవయ్య గారి సిఫారసు మీద ఇచ్చిన హుకుం అని ఆ డప్పువాడు పేరు కూడా గట్టిగా చదివాడు.

ఆగమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. మర్నాడు పొద్దున కొడుకు ముందు నల్ల చాయ్ పెట్టింది. నాలుగు బర్రెలున్న ఇంట్లో నల్ల చాయ్! ఆ రోజు నుంచి అతనితో మాట్లాడటం మానేసింది. ఇంత అన్నం, ఇంత పులుసు, పాలచుక్క లేని చాయ్. అతను అదే తాగి వాగుకు పోయేవాడు.

నీళ్ళలో మునగని బర్రె ఎండకు ఆగదు. ఆగమ్మ బావి నుంచి కడవలకు కడవలు మోసి వాటి వీపుల మీద పోసేది. అయినా ఉగాదికల్లా మల్లి పాలు సగానికి పడిపోయాయి. మల్లి అంటే వాటిలో పెద్దది, కాకి నలుపు. ఆ పేరెందుకు పెట్టావని ఆగమ్మను అడిగే ధైర్యం బస్తీలో ఎవరికీ లేదు.

ఆ ఉగాదికే బసవయ్యకూ గుండె జారింది. ఏటా వాగు ఎండుతుంటే చేపలన్నీ బర్రెలు పొర్లిన గుంతల్లోకి చేరేవి, వానలు పడేదాకా అక్కడే బతికేవి. ఈసారి పొర్లేవి లేక గుంతలన్నీ ఇసుకతో పూడిపోయాయి. పరకలు ఇసుక మీద తెల్లగా ఎండి ఉన్నాయి. బండ కింద ఒక్క గుంతలో మాత్రం ఇంత నీరు, అందులో కొన్ని పరకలు మిగిలాయి. బసవయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆరేళ్ళు చేపలను చూశాడే గానీ వాటికి ఇల్లు కట్టిందెవరో చూడలేదు.

దఫ్తరుకు పరుగెత్తాడు. పై అధికారి షఫీఉద్దీన్ సాబ్ పాత నివేదిక ఉన్న మిసిల్ తీయించి చూశాడు.

"నేను రాసింది తప్పు సాబ్. బర్లు లేకుంటె చేపలే లేవు."

"తప్పెట్లయితదయ్యా? దస్తఖత్ పడ్డంక తప్పు గూడ హుకుమే" అన్నాడాయన. "సర్వే సామానుంటె చెప్పు, దింపుదాం."

బసవయ్య అక్కడే కూర్చుని అర్జీ రాశాడు. గుంతలు తీసే సామాను, నాలుగు. రంగు నలుపు. ఖర్చయ్యేవి గడ్డి, తెలగపిండి. పనివేళ మధ్యాహ్నం నుంచి సామాను తనంతట తాను లేచేదాకా.

సాబ్ రెండుసార్లు చదివాడు. "చక్రాలుంటయా?"

"కాళ్ళుంటయి సాబ్. నాలుగేసి."

"మంచిది. ఒరగకుండ నిలవడతది" అని సంతకం పెట్టాడు. ఆయనకు అర్థమైందో లేదో బసవయ్యకు చివరిదాకా తెలియలేదు.

మర్నాటి మధ్యాహ్నం మల్లి బండ కింది గుంత పక్కన తడి ఇసుకలో పొర్లి, ఉస్సురని కూలబడింది. నాలుగు రోజుల్లో గుంతలు మళ్ళీ లోతు పడి ఊట నీరు చేరింది. బసవయ్య ఆనందం ఎనిమిది రోజులు సాగింది. తొమ్మిదోనాడు ఇంకో కాగితం వచ్చింది. సర్కారు సామానుకు నంబర్లు వేయాలి, రోజూ సాయంత్రం దఫ్తరుకు తెచ్చి తాళంలో పెట్టాలి, సొంతానికి వాడుకోరాదు.

అతను తెల్ల రంగు తెచ్చి కొమ్ముల మీద నంబర్లు వేశాడు, బుద్ధిమంతుడు! దఫ్తరు సామాను వరసలో మల్లి పదిహేడు. ఆగమ్మ ఆ కొమ్ము చూసింది, కొడుకును చూసింది, మూలనున్న కర్ర అందుకుంది. నాలుగింటినీ తోలుకుని శాలిబండ బజారు నడిమధ్య నుంచి నడిచింది. వెనకాల బసవయ్య చెమటలు కక్కుకుంటూ పరుగు.

దఫ్తరు మూసే వేళ. మల్లి వరండా ఎక్కి, షఫీఉద్దీన్ సాబ్ గది గుమ్మానికి అడ్డంగా పడుకుంది. పడుకున్న మల్లిని లేపడం ఆగమ్మకు తప్ప ఎవరి తరమూ కాదు. తక్కిన మూడూ పాలు పిండే పొద్దు దాటుతోందని ఎలుగెత్తి అరిచాయి.

"ఇగో సాబ్, మీ సామాను. తాళమేస్కోన్రి" అంది ఆగమ్మ, మెట్టు మీద కూర్చుంటూ.

"యా అల్లా! దీన్ని లేపమ్మా, నేను ఇంటికి పోవాలె."

"సర్కారు సామానును నేనెందుకు ముడతా? సొంతానికి వాడొద్దని రాసిన్రు గద."

సాబ్ లోపలి నుంచి చాలాసేపు మల్లిని చూశాడు. మల్లి నెమరు వేస్తూ ఆయన్ను చూసింది. చివరికి ఆయనే కాగితం, కలం అందుకున్నాడు. సామాను భద్రత దృష్ట్యా దానిని ఆగమ్మ ఇంట్లోనే ఉంచాలి, రోజూ మధ్యాహ్నం వాగుకు తోలాలి, సామాను నుంచి కారేది ఏదైనా దఫ్తరుకు పట్టింపు లేదు. అంటే, వెనకటి నుంచీ గౌలిపుర చేస్తున్నదే. ఇప్పుడు దానికి సంతకం వచ్చింది.

వైశాఖం చివర బసవయ్య వాగు నుంచి పొద్దెక్కాక ఇంటికొచ్చాడు. ఆగమ్మ పొయ్యి దగ్గర వీపు తిప్పుకునే ఉంది.

"ఎన్ని బతికినయిరా?"

ఆరు నెలల తర్వాత తల్లి అతనితో అన్న మొదటి మాట అది. "అర్వై మూడు, అవ్వా" అన్నాడు.

"నిన్ను గూడ కలుపు" అని ఆమె అతని ముందు చాయ్ పెట్టింది. దాని మీద వేలి మందాన మీగడ ఉంది.