చెరిగిన రేవు

రెండేళ్ల క్రితం పాతబస్తీలోని ఒక గ్రంథాలయంలో పాత పుస్తకాలకు ఫొటోలు తీసే పనిలో చేరాను. ఒకరోజు, వెనకటి యాత్రికుడెవరో ఓడలో తిరుగుతూ పరదేశాల తీరాలను రంగుల్లో గీసి రాసుకున్న పుస్తకం నా చేతికి వచ్చింది. అలవాటు కొద్దీ వేలు నాలుకకు అద్ది పేజీ తిప్పాను. నీలిరంగు వేలికి అంటుకుని, బొమ్మలోని రేవు చెరిగిపోయింది. భయపడి పుస్తకం మూసేశాను.

మర్నాడు ఆ మరకను పెద్దాయన రహీం సాబ్ చూశారు. ఆ పుస్తకాలను ఏళ్లుగా కాపాడుతున్నది ఆయనే.

"చేతులు వణుకుతున్నయి బేటీ. నేనే ఖరాబ్ చేసిన కావచ్చు. ఇగ వీటిని ముట్ట," అన్నారు.

నేను నోరు విప్పలేదు. ఆయన ఆ పుస్తకాల గదిలోకి రావడం మానేశారు. వారానికి ధైర్యం చేసి నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు.

"నా చేతుల మీద నాకే షక్ వచ్చింది గద బేటీ, నమ్మకమే పోయింది," అన్నారు మెల్లగా.

ఆ వారం రోజుల మౌనం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల దించుకుంటాను.