క్రేన్ లేని అప్పలరాజు

మా ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ల సభ ఏది జరిగినా నన్ను మైకుకి ఆమడ దూరంలో కూర్చోబెడతారు. మంచినీళ్లకని లేచినా ఇద్దరు నా వెంట వస్తారు. వాళ్ల తప్పేం లేదు. కాబోయే మామగారి పరువునీ, నా పెళ్లినీ, నా ఇంగ్లీషునీ ఒకే మధ్యాహ్నం, ఒకే మైకుతో నిలువునా ముంచినంత పని చేసినవాణ్ణి నేను. మీరూ వినండి, నవ్వండి. నాకు అలవాటైపోయింది.

అప్పట్లో మలంచాలో ఒక మేడమీద గది తీసుకుని ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవాణ్ణి. ఊరంతా నన్ను ట్యూషన్ రమణ అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. రమణ సార్ అంటే వీళ్ల నోరు అరిగిపోతుందా? కానీ మా దగ్గర పేరు ముందు ఏదో ఒకటి తగిలించనిదే మనిషి పూర్తవడు. రైల్వే వర్క్‌షాపు పనివాళ్లలో చాలామంది తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. అవే ఇంటిపేర్లు, అవే పేర్లు. వీధిలో నిలబడి అప్పలరాజూ అని పిలిస్తే సగం వీధి తిరిగి చూస్తుంది. అందుకని ఎవరి పని వాళ్ల పేరు ముందుకొచ్చి కూర్చుంది. క్రేన్ నడిపేవాడు క్రేన్ అప్పలరాజు, బాయిలర్ దగ్గర చేసినాయన బాయిలర్ అప్పలరాజు, రైలు పెట్టెలకు రంగులేసేవాడు పెయింటు అప్పలరాజు.

తమాషా ఏమిటంటే నేను రోజూ పొద్దున్నే పిల్లలకు చెప్పే పాఠం సరిగ్గా ఇదే.

"నామవాచకం ముందు ఇంకో నామవాచకం వచ్చి నిలబడితే, ఆ ముందున్నది విశేషణం పని చేస్తుంది. మటన్ కర్రీ! ఇందులో మటన్ పీకేస్తే ఏం మిగిలింది?"

"కర్రీ సార్!"

"ఏ కర్రీ?"

"తెలీదు సార్!"

"అదీ!" అని బల్ల గుద్దేవాణ్ణి. బల్ల విరిగేది తప్ప, ఆ పాఠం నా సొంత వీధికి కూడా పనికొస్తుందన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు. బుర్ర ఖాళీగా ఉంటే కదా, అహంకారం ముందే అద్దెకు దిగిపోయింది.

ఇలా ఉండగా క్రేన్ అప్పలరాజు గారి అమ్మాయి కుమారితో నాకు సంబంధం కుదిరింది. తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదు. అంతలో ఆయన రిటైర్మెంటు వచ్చింది. తాల్‌బగీచాలో హాలు తీసుకుని సన్మానం ఏర్పాటు చేశారు. "ఆ కుర్రోడు ఇంగ్లీసు సెప్తాడు గదా, మైకు ఆడికే ఇయ్యండి. సబ ఎలగ నడిపిస్తాడో సూసి, మర్నాడే తాంబూలాలు" అన్నారట ఆయన. అంటే అది సభ కాదు, నాకు పరీక్ష.

ముందురోజు కుమారికి ఫోన్ చేసి నా ఉపన్యాసం మొత్తం చదివి వినిపించాను.

"అంతా బాగుంది గానీ మా నాన్న పేరు ముందు క్రేనేదీ?" అంది.

"సభలో క్రేన్లేమిటి కుమారీ, మోటుగా! మిస్టర్ అప్పలరాజు అంటాను."

"మిస్టరంటే ఎవులనుకుంటారు?"

"మీ నాన్న సన్మానంలో మీ నాన్నే కదా లేస్తారు?"

"మావోళ్ల సంగతి నీకు తెల్దు. నా మాటిను, క్రేన్ పెట్టు."

"నాకు గ్రామర్ నేర్పకు" అన్నాను. అక్షరాలా ఆ మాటే అన్నాను.

మా దగ్గర రిటైరయ్యే మనిషి ముందుగా వేదికెక్కి కూర్చోడు. డప్పులవాళ్లతో గేటు బయట ఉంటాడు. మైకులో పేరు పిలిచాక తోటి పనివాళ్లు భుజాలకెత్తుకుని లోపలికి తెస్తారు. అందాకా వేదిక మీద కుర్చీ ఖాళీ. ఆ కుర్చీ పక్కన, కొత్తగా బదిలీ మీద వచ్చిన బెంగాలీ ఆఫీసరు గులాబీల దండ పట్టుకుని నిలబడ్డాడు. పాపం, ఆయనకు ఏ అప్పలరాజూ తెలియదు.

నేను కాగితంలో తల దూర్చి, హాల్లో ఒక్కరికీ అర్థం కాని ఇంగ్లీషు దంచి దంచి, చివరికి "ప్లీజ్ వెల్‌కమ్ మిస్టర్ అప్పలరాజు!" అని అరిచాను.

హాల్లో ఇద్దరు లేచారు. పెయింటు అప్పలరాజు అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. బాయిలర్ అప్పలరాజు కూర్చోలేదు. ఆయన రిటైరైన రోజున కుంభవృష్టి కురిసి సన్మానం కొట్టుకుపోయింది. ఇంత టీ పోసి ఇంటికి పంపేశారు. పైగా ఆయనకూ క్రేన్ అప్పలరాజుకూ ఒక నాటుకోడి దగ్గర తగువొచ్చి ఏళ్ల తరబడి మాటల్లేవు. ఈ సన్మానానికి కూడా భార్య లాక్కొస్తే వచ్చాడు. నేను కాగితంలోంచి తలెత్తేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు, దండ ఆయన మెడలో ఉంది, ఆఫీసరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు.

గబగబా కుర్చీ దగ్గరకు వెళ్లాను. వంగి, "బాబాయ్, ఇది మీకు కాదేమో..." అని గొణిగాను.

"ఆలీసమైనాదని సిగ్గుపడకు బావూ" అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. "ఇన్నాల్లకైనా గుర్తెట్టుకున్నారు. అది సాలు నాకు."

ఇక ఆయన్ని దించేదెవరు? అదే క్షణంలో గుమ్మంలో డప్పులు మోగాయి. క్రేన్ అప్పలరాజు గారు నలుగురి భుజాల మీద ఊరేగుతూ లోపలికొచ్చారు. సగం దూరం వచ్చాక డప్పులు ఆగిపోయాయి. పైనున్న మనిషికి కూర్చోవడానికి కుర్చీ లేదు. కిందున్నవాళ్లకు దించాలో మోయాలో తెలియలేదు.

"ఏటిది మాస్టారూ? ఎవుల్ని పిలిసినావు?" అన్నారాయన పైనుంచే.

"అప్పలరాజు గారినేనండీ..."

"ఏ అప్పల్రాజుని?"

హాలంతా చెవులు రిక్కించింది. మా ట్యూషన్ పిల్లలు ముందు వరసలోనే ఉన్నారు. నా నోట సరిగ్గా వాళ్ల జవాబే వచ్చింది.

"తెలీదండీ."

అప్పటికి బాయిలర్ అప్పలరాజుకి విషయం అర్థమైంది. ముఖం ఎర్రబడి దండ మీద చెయ్యి వేశాడు, తీసేద్దామని. నాకు ఆ ముఖం చూస్తే ఏడుపొచ్చింది.

"ఉంచు" అన్నారు క్రేన్ అప్పలరాజు గారు. "నీకానాడు దండ పళ్లేదని నాకు తెల్దేటి? ఉంచుకో. ఒరే, ఇంకో కుర్సీ ఎయ్యండ్రా." తర్వాత నా వైపు తిరిగి, "నివ్వు మైకక్కడెట్టి, ఎల్లి కూర ఒడ్డించు" అన్నారు. వడ్డించాను. నా శిష్యులు బంతిలో వరసగా కూర్చుని, "ఏ కర్రీ సార్?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు.

మర్నాడు తాంబూలాలు రాలేదు. ఆ వారమూ రాలేదు. కుమారి నాకిక దక్కదని నిజంగానే బెంగ పెట్టుకున్నాను. చివరికి బాయిలర్ బాబాయే వెళ్లి, "ఆ ఎర్రి కుర్రోడి దయవల్లే మనం మల్లీ మాటాడుకుంతన్నాం. పిల్లనిచ్చీ" అని చెప్పి ఒప్పించాడు. ఈలోగా ఊరు నా పేరు ముందున్న ట్యూషన్ పీకేసి దండ పెట్టింది. దండ రమణ! నేను మాత్రం ఆ పేరుకు పలికేవాణ్ణి కాదు.

పెళ్లి కూడా అదే హాల్లో. ముహూర్తం దగ్గరపడగానే మామగారు మైకు తీసుకుని, "రమణా, పీటల మీదకి రా" అన్నారు. తీరా చూస్తే హాల్లో ఉన్న రమణలందరూ ఠక్కున లేచి నిలబడ్డారు. ముందే కూడబలుక్కున్నారు, దుర్మార్గులు.

"ఇందులో ఏ రమణో సెప్తే గానీ పీటలెక్కనియ్యను" అన్నారు మామగారు. పంతులుగారు గడియారం చూస్తున్నారు. తెర వెనక నుంచి కుమారి, "బేగి సెప్పు, నాకు గ్రామర్ నేర్పకు!" అంది. ఇక తప్పలేదు. మైకు అందుకుని, ఊరంతా వినేలా చెప్పాను.

"దండ రమణనండీ."

అప్పుడు మోగాయి బాజాలు.

కాబట్టి పెద్దలారా, ఆ మైకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరి పేరు ముందున్న మాటనీ ఊడబెరకను. రేపు దేవుడే ప్రత్యక్షమై "రమణా" అని పిలిచినా సరే, ఏ రమణో చెప్పేదాకా కుర్చీలోంచి లేవను.